రమేశ్ జర్కిన్‌తో కుట్టిన బ్యాగు

2023 చలికాలం. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గరగా ఉన్న కాలనీలో మాది రెండు గదుల క్వార్టర్. ముందు గదిలో కిటికీ పక్కన నా మిషను. బ్లౌజులు కుట్టడం మానేసి, ఇంట్లోనే లెదర్ హ్యాండ్‌బ్యాగులు కుట్టడం మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. షోరూముల్లో ఉండే డిజైనర్ బ్యాగు ఫొటో తెచ్చి, అచ్చం అలాగే కావాలనే ఆడవాళ్లు మంచిర్యాల నుంచి కూడా వచ్చేవారు.

సరిత కూడా ఫోనులో ఒక ఫొటో చూపించింది. ముందుకు వంపు తిరిగిన ఫ్లాప్, అంటే బ్యాగు మీదికి వాలే మూత. పైన పట్టుకోవడానికి పొట్టి పట్టీ. అయితే లెదర్ తనే తెచ్చింది. సంచిలోంచి తీసి మిషను మీద పెట్టింది చూస్తే, గోధుమరంగు మగవాళ్ల జర్కిన్. ఆమె భర్త రమేశ్ చలిలో తొలి షిఫ్టుకు బండి మీద పోయేటప్పుడు వేసుకునేవాడట. ముందటేడు గుండెపోటుతో పోయాడు. ఆయన బదులు గని కంపెనీ ఆమెకు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చింది. సోమవారం చేరాలి.

"ఆయన డ్యూటీకి పోయిన గేట్లకెల్లే నేను పోవాలె అక్కా. ఆయనది ఏదో ఒకటి చేతిల ఉంటే పోగలుగుత," అంది.

బట్ట మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేయొచ్చు. లెదర్‌లో సూది దిగిన చోట బొక్క అలాగే ఉండిపోతుంది. కొత్త లెదర్ పాడైతే ఇంకో ముక్క తెచ్చుకుంటాం; దీనికి ఇంకో ముక్క లేదు. పైగా అది భుజాల దగ్గర పెళుసెక్కింది, మోచేతుల దగ్గర అరిగింది. పనికొచ్చే పెద్ద ముక్క వీపు భాగం ఒక్కటే. చాలాసేపు తటపటాయించి సరేనన్నాను.

మర్నాడు కుట్లు విప్పి, లెదర్ మెత్తబడడానికి నూనె పట్టించి ఆరబెట్టాను. తర్వాతి రోజు కాగితం అచ్చులు పరిచి కోతకు కూర్చున్నాను. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా ఇంటి నేల అదురుతుంది. సైరన్ మోగి, పేలుడు అయిపోయేదాకా కత్తి పక్కన పెట్టి ఆగాను. ఆ తర్వాత వీపు భాగంలోంచి ముందు, వెనక ముక్కలు కోశాను. ఫ్లాప్ మొదలుపెట్టబోతుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

వయసు మళ్లిన మనిషి, ఆయాసపడుతోంది. రమేశ్ తల్లినని చెప్పింది. బీరువాలో జర్కిన్ కనబడక కోడలిని అడిగిందట. నాకిచ్చానని కోడలు చెప్పగానే బయల్దేరి నడిచి వచ్చేసింది.

"నా కొడుకు జర్కిన్ ఇయ్యి బిడ్డా. తీస్కపోత," అంది.

కత్తి నా చేతిలోనే ఉంది. ముక్కలు ఆమె ఎదురుగానే బల్ల మీద ఉన్నాయి. అవేమిటో ఆమె ఇంకా పోల్చుకోలేదు. కుర్చీ జరిపి కూర్చోమని, కోసేశానని చెప్పాను.

ఆమె అరవలేదు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని అంచు వెంట వేలితో తడిమింది. "కోసినవా," అని మాత్రం అంది. ఆ నెమ్మదికే నాకు ఎక్కువ భయం వేసింది. తర్వాత ముక్కను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. రోజూ పొద్దున బీరువా తెరిచి కొడుకు వాసన చూసుకుంటానని, ఇప్పుడు నూనె వాసన తప్ప ఏమీ రావడం లేదని అంది.

అప్పుడే సరిత వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. అత్త చేతిలోని ముక్కను చూసింది.

"నాకెరికే అత్తమ్మ," అంది. "నువ్వు బీరువ తీసిన చప్పుడుకే నాకు రోజు మెలుకువైతది. అడిగితే వద్దంటవని చెప్పలే. గానీ నాకు ఆ గేటు తలుసుకుంటే కాళ్లు ఆడుత లెవ్వు."

ఆపమంటే అక్కడే ఆపేస్తానని ముసలావిడకు చెప్పాను. కానీ ఇప్పటికే కోసిన దాన్ని మళ్లీ జర్కిన్‌గా చేయలేను. మధ్యలో వదిలేస్తే బ్యాగూ కాదు. అది కూడా చెప్పక తప్పలేదు. ఆమె మిగిలిన భాగాలను ఒక్కొక్కటే తిరగేసి, కాలర్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది ముట్టకు. కడమది కుట్టు. నేనీడనే కూసుంట."

ఎవరో పక్కన కూర్చుని చూస్తుండగా నేను చాలా బ్యాగులు కుట్టాను గానీ, ఆ రోజు ప్రతి అంచూ రెండుసార్లు కొలుచుకున్నాను. ఫ్లాప్, పట్టీ కూడా కోసి, అంచులు పలచగా చెక్కి (దీన్నే స్కైవింగ్ అంటాం) మడిచి అతికించాను. పక్కలు బాగానే వచ్చాయి. అసలు కష్టం ఫ్లాప్, పట్టీ, వెనక ముక్క కలిసే చోట. లెదర్ అక్కడ పొరలు పొరలుగా మందమవుతుంది. సగం కుట్టు వెళ్లాక సూది టప్పున విరిగింది. సరిత కళ్లు మూసుకుంది. వంగి చూశాను. లెదర్ చిరగలేదు.

కొత్త సూది ఎక్కించి, మోటారు ఆపేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేయడం మొదలుపెట్టాను. బ్యాగు బరువుకు కుట్టు పక్కకు లాగుతోంది. సరితను పట్టుకోమంటే చేతులు వెనక్కి తీసుకుంది. ముసలావిడ లేచి వచ్చి, బ్యాగు కింద రెండు అరచేతులూ ఆనించింది.

"తిప్పు," అంది.

చివరి కుట్టు పడేదాకా ఆమె చేతులు కదల్లేదు.

దారం తెంపి బ్యాగు సరిత చేతికిచ్చాను. పని అయ్యాక 'నచ్చిందా' అని అడగడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే పెద్దావిడను కూడా అడిగాను.

"మంచిగనే కుట్టినవ్ బిడ్డా," అంది. "గానీ నాకు నచ్చలే."

కాలర్ కొంగులో కట్టుకుని కోడలి వెంట వెళ్లిపోయింది. సోమవారం సాయంత్రం సరిత ఫోన్ చేసి, గేటు దాటానని, బ్యాగు పట్టీని మాత్రం పొద్దంతా వదల్లేదని చెప్పింది. అత్త గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ముసలావిడ మాటకు మొదట నొచ్చుకున్నాను. పనిలో ఏం లోపం ఉందని, ఫోనులో తీసుకున్న ఆ బ్యాగు ఫొటోను మళ్లీ మళ్లీ చూసుకున్నాను కూడా. లోపం పనిలో లేదు. నేను బ్యాగు తయారుచేశాను. ఆమె కళ్లముందు ఆమె కొడుకు జర్కిన్ లేకుండా పోయింది. ఆ రెండూ ఒకే బల్ల మీద, ఒకే పూట జరిగాయి. ఇప్పుడు పోయినవాళ్ల వస్తువు ఎవరు తెచ్చినా, దీన్ని ఇంట్లో ఇంకెవరు చూసుకుంటారని ముందే అడుగుతాను. పని పూర్తయ్యాక నచ్చిందా అని అడగను. చేతికిచ్చి, వాళ్లు లేచేదాకా ఊరికే కూర్చుంటాను.