మా తలుపు నోరు మూయించిన ఆదివారం

నా చిన్నప్పుడు మా తలుపు చేసిన తప్పుకు నేను తిట్లు తిన్నాను. ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

కాశిబుగ్గలో మా ఇల్లు, పక్కింటి చాచా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. చాచా మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. ఆయన పెద్ద కూతురిని మేమంతా ఆపా, అంటే అక్కా అని పిలిచేవాళ్ళం. ఆమె దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్నే వచ్చి పడుకునేది. ఆమె మంచం సరిగ్గా మా వీధి తలుపు పక్కనున్న ఆ గోడకు అవతలివైపు ఆనుకుని ఉండేది.

మా తలుపు బరువైన టేకుది. దర్వాజా, అంటే తలుపు చట్రం, కాస్త ఒరిగి ఉండడంతో, తెరిచి వదిలేస్తే దానంతట అదే వచ్చి ధన్‌మని పడేది. ఆ వెంటనే గొలుసు గొళ్ళెం చెక్కను ఖణేల్మని కొట్టేది. మాకు అది అలవాటైపోయి వినిపించేది కాదు.

ఒకరోజు పొద్దున నల్లా దగ్గర నేను బిందె పెట్టుకుని నిలబడితే, ఆపా చెదిరిన జుట్టుతో బయటికొచ్చింది.

"ఏందమ్మా, నీకు చేతులు లేవా? తలుపును గట్ల ఇడిసిపెట్టి ఉరుకుతవ్! డ్యూటీల రెండుసార్లు కునుకు తీసిన. మూడోసారి కునుకు తీస్తే ఇంటికి పొమ్మన్నరు. నౌకరీ పోతే నువ్వు పెడ్తవా అన్నం?"

"దానికి చేతులెందుకు, గంత నోరుండంగ!" అంది బిందెలవాళ్ళలో ఒకామె. అందరూ నవ్వారు. పదేళ్ళ పిల్లను పట్టుకుని అంతమందిలో అలా అనవచ్చా? తలుపు ఒరిగి ఉంటే నేనేం చేయను? దర్వాజా నేను బిగించానా?

తప్పు నాది కాదని నిరూపించాలని పంతం పట్టాను. చప్పుడు పోవాలంటే నూనె పోయాలని అమ్మ కుట్టుమిషన్ దగ్గర చూసి నేర్చుకున్నాను. ఆ ఆదివారం పొద్దున మిషన్ నూనె డబ్బీ మొత్తం తలుపు బందుల్లో పోశాను. కిర్రుమనడం నిజంగానే ఆగింది. గర్వంగా తలుపును వదిలాను. అంతవరకూ బందులకు పట్టిన తుప్పే దాన్ని కాస్త పట్టి ఉంచేదని నాకేం తెలుసు? తలుపు ఎన్నడూ లేనంత వేగంగా వచ్చి పడింది. గోడ సున్నం పెచ్చు ఊడి నా కాళ్ళ ముందు పడింది.

ఆపా తిట్టడానికి వస్తుందని జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆమె రాలేదు. చాచా వచ్చాడు. నూనె కారుతున్న బందులను చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"శెబాష్ బిడ్డా! నిన్నటిదాంక ఎద్దు లెక్క నడిచేది, ఇయ్యాల గుర్రమైంది."

"నా తప్పేం లేదు చాచా."

"నీదని ఎవరన్నరు? జర ఇటు రా."

నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి, ఆపా మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. ఆపా ఎర్రటి కళ్ళతో ఓ మూల కూర్చుని ఉంది. చాచా బయటికి వెళ్ళాడు. కాసేపు ఏమీ లేదు. నాకు నిజంగానే నిద్ర పట్టబోతుండగా గోడ అంతా నా తలలో కూలినట్టయింది. మంచం మీద నుంచి ఎగిరి కింద పడ్డాను. చాచా మా తలుపును వదిలాడు, అంతే. రోజూ నేను వదిలినట్టే.

ఆపా నవ్వలేదు. నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగి, సిద్ధం చేసుకున్న జవాబును అక్కడే వదిలేశాను.

చాచా నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టి తాడు లాగాడు. నూలును మోసుకెళ్ళే నాడె ఇటు నుంచి అటు ఉరికి, అది ఆగే పెట్టె చివరనున్న తోలుముక్కకు తగిలి మెత్తగా ఆగింది. ఆ తోలు తీసేసి మళ్ళీ లాగాడు. నాడె చెక్కకు ఠప్‌మని తగిలి ఎగిరిపడింది.

"ఉరికేదాన్ని ఆపుడు కాదు బిడ్డా, దెబ్బను మింగేటిది ఒకటి నడుమ ఉండాలె."

ఇద్దరం పాత సైకిల్ ట్యూబు కోసుకుని మా ఇంటికి వచ్చాం. దర్వాజా అంచుకు నాతో సుద్ద రాయించి, తలుపు మెల్లగా మూయమన్నాడు. తెరిచి చూస్తే తలుపు తగిలినచోటల్లా సుద్ద చెరిగి ఉంది. అక్కడే ట్యూబు ముక్కలు కొట్టాం. నేను పంతానికి రెండు పొరలు వేస్తే తలుపు పూర్తిగా మూసుకోలేదు, గొళ్ళెం అందలేదు. ఒకటి పీకేశాను. గొలుసుకు నూలు చుట్టాం. తలుపు అడుగున జంపఖానా ముక్క కొడితే అది బండను రాసుకుంటూ నెమ్మదిగా కదిలింది. వదిలితే తుప్‌మని మాత్రమే అంది.

మరునాడు ఆపా పొద్దున పడుకుని సాయంత్రపు అసర్ అజాన్ దాకా లేవలేదు. లేచి మా ఇంటికొచ్చి, "సప్పుడే లేకపాయె, ఊరికి పోయిండ్రనుకున్న" అంది. ఆ వారమంతా ఆమె డ్యూటీలో కునుకు తీయలేదు, నౌకరీ నిలిచింది. అయినా నేను వదల్లేదు. నల్లా దగ్గర అంది కాబట్టి, తప్పు నాది కాదు తలుపుదని నల్లా దగ్గరే చెప్పాలన్నాను. ఆమె నవ్వి, బిందెలవాళ్ళందరినీ మా గుమ్మానికి పిలిచి, తలా ఒకసారి తలుపు వేయించింది. ఆ రోజు నవ్వినవాళ్ళు ఆరుగురు, ఆరుగురూ వచ్చారు. నేను లెక్కపెట్టాను.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదు రాసేది ఎవరని అడిగితే వాచ్‌మన్ సైతం నా ఫ్లాటు చూపిస్తాడు. రాయడం నేను మానలేదు. కానీ కాగితం ఇచ్చే ముందు, ఎవరి మీద రాశానో వాళ్ళింటికి వెళ్ళి ఒక పూట కూర్చుని వస్తాను. వాళ్ళకేం వినిపిస్తుందో, ఏం వినిపించదో చూసి వస్తాను. సగం కాగితాలు అక్కడే చించేశాను. మిగతా సగం ఇచ్చేశాను, అవి న్యాయమైనవే.