రేడియేటర్ పక్కన ఇడ్లీ పిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇడ్లీ పిండికి కూడా ఓ వెచ్చని చోటుండేది. క్రైస్ట్‌చర్చ్ చలికి పిండి పులిస్తే ఒట్టు. అందుకని, ఆ ఏడాది మాతో ఉండటానికి గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నమ్మ, పిండి గిన్నెను హాల్లో రేడియేటర్ పక్కన పెట్టి పాత తువ్వాలు కప్పేది. ఆ ఊళ్ళో రిక్కార్టన్ అనే పేటలో మాది పాతకాలపు అద్దె ఇల్లు. రేడియేటర్లలో వేడినీళ్ళు తిరుగుతుంటే గదులు వెచ్చబడేవి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఓ శనివారం నా క్లాసు పిల్ల మొదటిసారి మా ఇంటికి ఆడుకోవడానికి వస్తానంది. సంతోషం కన్నా ముందు నాకా పులిసిన వాసన గుర్తొచ్చింది. గిన్నె తీసెయ్యమంటే నాన్నమ్మ వినలేదు. "పిండి పొంగకపోతే రేపు రాళ్ళు తింటావా?" అంది. రేడియేటర్ ఆపేస్తే పులవదు కదా అని నా బోడి తెలివి. వాల్వ్ పిడి బిగుసుకుపోయి ఉంది. నాన్న కటింగ్ ప్లేయర్ తెచ్చి, పిడి కింద ఇత్తడి నట్‌ను పట్టుకుని బలంకొద్దీ తిప్పాను. ముందు ఒక్కో బొట్టు, తర్వాత సన్నటి ధార. కార్పెట్ మీద నల్లటి నీళ్ళు!

ప్లేయర్‌ను నా పరుపు కింద దాచేసి నాన్నను కేకేశాను. ఎలా జరిగిందని అడిగితే, "నాన్నమ్మ గిన్నె తగిలింది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం!

పై వారం ఇంటి ఓనర్లు ఇల్లు చూసుకోవడానికి రావాలి. మరక చూస్తే ఖాళీ చేయమంటారేమోనని నాన్న భయం. ఆ భయంలో, కన్నతల్లిని ఏనాడూ అనని మాట అనేశారు. "అమ్మా, ఇది మన ఊరు కాదు. ఇక్కడున్నన్నాళ్ళూ దేన్నీ ముట్టుకోకుండా ఓ మూల కూర్చోలేవా?"

నాన్నమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. "పొరపాటైందిలేరా" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. నేను వంగి కార్పెట్ మీద నీళ్ళు తుడుస్తూ ఉండిపోయాను.

పక్కింటి తాత కివీ, అంటే ఆ దేశపాయనే; ఒకప్పుడు ప్లంబరు. నాన్న నా క్లాసు పిల్లను ఇంకోరోజు రమ్మని ఫోన్ చేసి, ఆయనకు సంగతి చెప్పి పిలుచుకొచ్చి, కార్పెట్ కడిగే మెషీను అద్దెకు తేవడానికి వెళ్ళారు. తాత వాల్వ్ ఆపి, నట్ విప్పి, లోపలి కాడ చుట్టూ నీళ్ళు కారకుండా తెల్లటి టేప్ చుట్టి మళ్ళీ బిగించారు. చుక్క ఆగింది. అప్పుడు నట్‌ను వేలితో చూపిస్తూ, ఇది గిన్నె తగిలి జరిగింది కాదని, ఎవరో ప్లేయర్‌తో తిప్పారని, ఇవిగో గాట్లని ఇంగ్లీషులో చెప్పారు. నాన్నమ్మకు ఇంగ్లీషు రాదు.

"ఏమంటున్నారే ఆయన?" అని నన్నడిగింది.

"గిన్నె తగిలే లీకైందంట."

"అలాగా" అంటూ నాన్నమ్మ వంగి, ఆ గాట్లను బొటనవేలితో తడిమింది. తర్వాత ఆయనకు దణ్ణం పెట్టి, కాఫీ కలపడానికి వెళ్ళింది.

సాయంత్రం పరుపు కింద చూస్తే ప్లేయర్ లేదు. నాన్న సామాన్ల పెట్టెలో, దాని చోట అది ఉంది. మా ఇంట్లో నా పక్క సర్దేది నాన్నమ్మ ఒక్కతే. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత గిన్నె మళ్ళీ రేడియేటర్ దగ్గరికి వెళ్ళలేదు. ఆ చలికాలమంతా ఇడ్లీలు గట్టిగానే వచ్చాయి. "వీటితో గోడ కట్టొచ్చమ్మా" అని నాన్న వేళాకోళమాడితే ఆవిడ నవ్వేది. నేను ప్లేటులోకే చూస్తూ తినేదాన్ని. ఊరికి వెళ్ళేరోజు ఎయిర్‌పోర్టులో కూడా, "ఈసారి వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉంటాలేరా" అంది నాన్నతో. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆవిడ పోయిన రెండేళ్ళకు నాన్నతో నిజం చెప్పాను. "అయితే మా అమ్మను ఊరికే అన్నానా?" అన్నారు.

ఇప్పుడు ఏది పాడుచేసినా వెంటనే "నేనే" అని ఒప్పేసుకుంటాను. ఎంత నిజాయితీ అని ఆఫీసులో మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఆ మాట చెప్పాల్సిన మనిషికి మాత్రం నేను చెప్పనే లేదు.