ఆ ఉప్పు కుండ మా నాయనమ్మది

మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఆగస్టు పదిహేనున చెప్పుకునే కథలో కుండ ఒక్కటే నిజం. మిగతా దానితో నాకు పేచీ ఉంది.

కథ చెప్పేది మా ఎదురు ఫ్లాట్ వదిన. బంధుత్వం ఏమీ లేదు. పదిహేనేళ్ళుగా ఒకే లిఫ్టు దగ్గర ఎదురుపడుతూ వదినా అంటే వదినా అనుకుంటున్నాం. జెండా ఎగరేశాక, పిల్లలకి బూందీ పొట్లాలు పంచే ముందు, సెక్రటరీ మైకు అందుకుని "ఇప్పుడు మన స్వాతంత్ర్య సమరయోధుడి మనవరాలు" అంటాడు. ఈవిడ గంజి పెట్టిన తెల్లచీరలో నడిచొస్తుంది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో వాళ్ళ తాతగారు వన్‌టౌన్ నుంచి పదిమందిని వెంటబెట్టుకుని బీచికి వెళ్ళారట. సముద్రపు నీళ్ళు కుండలో మరిగించి ఉప్పు తీశారట. పోలీసులు లాక్కోబోతే కాలుతున్న కుండని రెండు చేతులా పట్టుకుని వదల్లేదట. అరచేతుల తోలు ఊడొచ్చినా వదల్లేదట. తర్వాత జైలు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ చేతులతో అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నారట. చెంచా దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు సన్నగా వణుకుతుంది. ప్రతి ఏడూ అక్కడే వణుకుతుంది. ముందు వరసలో రిటైరైన పెద్దమనుషులు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు.

నేను మూడో వరసలో కూర్చుని కుళ్ళుకుంటాను. అసూయ అని రాయొచ్చు, చదువుకున్నదాన్నే. కానీ నాలో ఉన్నది ఆ మాటంత శుభ్రమైనది కాదు. ఆవిడ చీర ఇస్త్రీ మీద కుళ్ళు. వాళ్ళ హాల్లో గంధపు దండ వేసిన తాతగారి నిలువెత్తు ఫోటో మీద కుళ్ళు. మా నాయనమ్మకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపులో, ముక్కాలు వంతు ఇంకొకావిడ భుజం వెనక.

మా నాయనమ్మది జాలరిపేట. నెత్తిన గంప పెట్టుకుని వన్‌టౌన్ వీధుల్లో చేపలమ్మింది. అమ్ముడవని చేప పొట్ట చీల్చి ఉప్పు కూరి ఎండబెట్టేది. నేను పక్కన కూర్చుని కాకుల్ని తోలేదాన్ని. ఉప్పు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆవిడకి ఆ కథ గుర్తొచ్చేది. గుర్తొస్తే ముందు నవ్వొచ్చేది.

"పదిమంది మొగోళ్ళే. ఒక్కడికీ ఉప్పొండడం రాదు" అనేది.

పట్నం బాబులు తెచ్చుకున్నది మంచినీళ్ళ కుండ. పల్చటిది. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే పగిలింది. అప్పుడు ఒడ్డున చేపలు ఆరబెట్టుకుంటున్న మా నాయనమ్మ దగ్గరికొచ్చి ఆవిడ వంటకుండ అడిగారు. మందపాటిది, మసిబారినది, నిప్పుకి అలవాటుపడినది. ఇచ్చింది. రెండోసారి నీళ్ళు పూర్తిగా ఇగిరిపోయేదాకా మంట పెట్టి, అడుగు గీకి, ఆ పొడి నాలిక మీద వేసుకుని పదిమందీ మొహాలు చిట్లించారు. చేదు. పుస్తకాలు చదివినవాళ్ళు చేసే పొరపాటది. నీళ్ళు కాస్త మిగిలుండగానే ఉప్పు తోడి గుడ్డలో వెయ్యాలి. చేదంతా ఆ మిగిలిన నీళ్ళతో కారిపోతుంది. మా పేటలో ఆడపిల్లకి ఈ సంగతి జడ వేసుకోవడం కంటే ముందు వచ్చేది. సర్కారు ఉప్పు కొనలేని ఇళ్ళలో ఏ దొడ్డివైపో దొంగచాటుగా వండుకుంటూనే ఉన్నారు కదా. ఉప్పు చట్టాన్ని ఆ బాబులు జెండా పట్టుకుని ఒక రోజు ధిక్కరించారు. మావాళ్ళకి అది వారానికోసారి ఇంటిపని.

మూడోసారి మా నాయనమ్మ దగ్గరుండి వండించింది. ఉప్పు తెల్లగా దిగింది. అప్పుడొచ్చారు పోలీసులు. కుండ పట్టుకుని వదలనిది తనేనని మా నాయనమ్మ చెప్పేది. ఎడమ ముంజేతి మీద నున్నటి మచ్చ ఒకటి చూపించేది. నేను దాన్ని వేలితో తడిమేదాన్ని.

ఈ సంగతి పదిహేనేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. ఎందుకంటే నాకు నోరెక్కువ. నోరున్న ఆడది ఏం చెప్పినా గొడవకోసమే అనుకుంటారు. కానీ ఈ ఏడు జూలైలో సెక్రటరీ మీటింగు పెట్టి, తాతగారి కథని నల్ల గ్రానైట్ పలక మీద చెక్కించి లాబీలో, లిఫ్టు పక్కన బిగిద్దామన్నాడు. మైకులో మాట గాలికి పోతుంది. రాయి పోదు. రోజుకి నాలుగుసార్లు కూరగాయల సంచితో దాని ముందు నిలబడాల్సింది నేను.

లేచి, "ఆ కుండ మా నాయనమ్మది" అన్నాను.

సెక్రటరీ గొంతు సవరించుకుని, "ఆధారం ఏమైనా ఉందా మేడమ్? వాళ్ళకైతే ప్రభుత్వం ఇచ్చిన తామ్రపత్రం ఉంది" అన్నాడు.

"మీ ముత్తాత పుట్టాడనడానికి మీ దగ్గర ఏం పత్రం ఉంది?"

మా ఆయన నా కొంగు లాగాడు. ఆయన స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి నిద్రమొహంతో వచ్చాడు. యుద్ధానికి సిద్ధంగా లేడు.

అప్పుడు వదిన లేచింది. "పోనీ వదినా, మీ నాయనమ్మగారిని కూడా వేయిద్దాం. పేరివ్వండి" అంది, మెత్తగా.

ఆ మెత్తదనం నా ఒళ్ళు మండించింది. ఆవిడ దెబ్బలాడి ఉంటే ఇచ్చేదాన్నేమో. తన పళ్ళెంలోంచి ముద్ద తీసి పెట్టినట్టు అడిగింది. "ఆధారం తెచ్చాకే ఇస్తాను. దయ అక్కర్లేదు" అన్నాను.

మర్నాడే జాలరిపేట వెళ్ళాను. మా నాన్న చెల్లెలు, నాయనమ్మ కడుపున పుట్టినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. ఎనభై దాటాయి. అరుగు మీద కాళ్ళు జాపుకుని ఎండుచేపల్లో ఇసక దులుపుతోంది.

"ఏటే కోడలా, సేపలకొచ్చావా, నాకొచ్చావా?"

"నీకే అత్తా. నాయనమ్మ కుండ సంగతి సెప్పు. పోలీసులు లాగేసినారే, ఆ కుండ."

"దాని కోసం మా యమ్మ సచ్చిందాకా ఏడిసింది. అలాటి కుండ మరి దొరకలేదని."

"దేశం కోసం పట్టుకుంది కదా అత్తా."

అత్త చేపలు దులపడం ఆపి నన్ను చూసింది. "దేశవేటే? కుండ కోసం పట్టుకుంది. ఇంట్లో ఉన్నదే అదొక్కటి. రేత్తిరికి దేంట్లో ఒండుతాది, నీ దేశంలోనా?"

అయినా నేను వదల్లేదు. "చేతి మీద మచ్చ?"

"ఏ మచ్చ? ఈ పేటలో కాలని సెయ్యి ఏదున్నాది, సూపించు."

తన ముంజేయి చాపింది. అలాంటివి మూడున్నాయి.

"మరి ఆ టౌను బాబు పట్టుకోనేదా?"

"ఎందుకు పట్టుకోడు? ఆయన సెయ్యి మా యమ్మ సేతి మీదున్నాదంట. 'నువ్వొగ్గీ అమ్మా, నిన్ను కొడతారు' అన్నాడంట. 'కుండ నాది బాబూ, నువ్వే ఒగ్గీ' అన్నాది. ఇద్దరూ ఆ కుండట్టుకుని కొట్లాట. పోలీసోడు నవ్వుతన్నాడంట."

"ముందెవరొదిలినారు?"

"నాకేటి తెలుసు? కుండ పగిలిపోనాది. ఆయన్ని అట్టుకుపోనారు." అత్త మళ్ళీ చేపలందుకుంది. "జైలు నుంచి ఒచ్చినాక కొత్త కుండ అట్టుకొచ్చినాడు, తెల్సా? సేతులు పట్టు దొరక్క నెత్తి మీదెట్టుకొచ్చినాడు, మన ఆడోళ్ళ నాగ. పంచి కట్టుకున్న మొగోడు నెత్తిన కుండెట్టుకుని పేటలోకొత్తంటే పేటంతా బయటికొచ్చి నవ్వింది. మా యమ్మ తీసుకుంది గానీ, 'పల్సగున్నాది' అన్నాదంట ఆయన మొహం మీదే."

నేను ఆయన్ని దొంగని చేద్దామని వెళ్ళాను. తిరిగొస్తూ ఆటోలో కూర్చుంటే నా కళ్ళ ముందు నెత్తిన కుండ పెట్టుకుని నడిచొస్తున్న మనిషే. బీచ్ రోడ్డు పొడుగునా ఆయనే. అంత మంచి తాత ఆవిడకి దొరకడం ఏమిటి? ఇంటికొచ్చేసరికి నా కుళ్ళు తగ్గకపోగా రెండింతలైంది.

సాయంత్రం వదిన తలుపు కొట్టాను. తామ్రపత్రం కింద సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"పొద్దున మా మేనత్తని అడిగొచ్చాను. మీ తాతగారు ఎప్పుడైనా ఒక ఆడమనిషి సంగతి చెప్పారా వదినా, ఆ కుండ దగ్గర?"

"ఆఁ, చెప్పేవారు. ఎవరో చేపలావిడ కుండ పట్టుకుని వేలాడిందని. మా చిన్నప్పుడు ఆవిడలా అరిచి చూపించేవారు. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం."

"మరి స్టేజి మీద ఒక్కసారీ చెప్పలేదే?"

"జనం నవ్వుతారు కదండీ. ఆ చోట నవ్వొస్తే బాగోదు." ఆవిడకి అందులో తప్పేమీ కనబడలేదు. నిజంగానే కనబడలేదు. "మీ మేనత్తగారు ఇంకేమైనా చెప్పారా?"

ఇక్కడ నేను చేసిన పని రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు. నెత్తిన కుండ సంగతి ఆవిడకి తెలియదు. ఆ మనిషి పేటలోకి నడిచొచ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదన్నమాట. ఆవిడ కళ్ళల్లో నాకు ఆశ కనబడింది. తాత గురించి ఇంకొక్క ముక్క దొరుకుతుందేమోనని.

"లేదు, అంతే" అన్నాను. కాఫీ తాగి వచ్చేశాను.

నాయనమ్మ పేరు మాత్రం ఇవ్వలేదు. ఇస్తే ఆధారం లేదని ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాను. దేశం కోసం కాదు, వంటకుండ కోసమని అత్త చెప్పినమాట ఏ రాయి మీద చెక్కిస్తాను? నాలుగు రోజులు ఆలోచిద్దామనుకున్నాను. వాళ్ళు నాలుగు రోజులు ఆగలేదు, పలక చెక్కడానికి ఇచ్చేశారు.

ఆగస్టు పదిహేనున పలక మీంచి గుడ్డ తీశారు. తాతగారి పేరు పెద్ద బంగారు అక్షరాల్లో. కింద కుండ, చేతులు, జైలు. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో: "స్థానిక మత్స్యకార మహిళల సహకారంతో." వదిన నా వైపు చూసి నవ్వింది, నాకోసమే అడిగి వేయించానన్నట్టు. వేయించే ఉంటుంది. ఒక్క మనిషి, ఒక్క కుండ, ఒక్క నోరు. అది కాస్తా మహిళలైపోయింది. పేరు అడిగితే ఇవ్వనిది నేనే కాబట్టి సెక్రటరీతో దెబ్బలాడే దారి కూడా లేదు.

ఆ రోజు కూడా ఆవిడ గొంతు చెంచా దగ్గర వణికింది. ఈసారి నేను వినలేదు, లెక్క చూసుకుంటున్నాను. ఆయన చెయ్యి మా నాయనమ్మ చేతి మీద ఉంటే కుండకి ఆనింది ఆవిడ చెయ్యి. కాలాల్సింది ఆవిడ అరచెయ్యి. కానీ తోలు ఊడింది ఆయనకి. నెత్తిన పెట్టుకుని రావాల్సినంతగా చేతులు పాడైందీ ఆయనకే. మా నాయనమ్మ అరచేతులు నాకు బాగా తెలుసు. ఉప్పు తిన్న పగుళ్ళు తప్ప వాటి మీద కాలిన గుర్తు ఒక్కటీ లేదు.

లిఫ్టు కోసం నిలబడ్డప్పుడల్లా ఆ రాయినే అడుగుతున్నాను. ఆ ఇద్దరిలో కుండని ముందు వదిలింది ఎవరు?