ఒక్కసారైనా తిరిగిందా

ఈ రోజు పొద్దున కూడా బచేలి కొండ మీద గనిలో సైరన్ మోగింది. ఇనుపరాయిని కిందికి దించే బెల్టు తిరిగే ముందు మోగే కూత అది. ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా చెవులు వేడెక్కుతాయి. సుభద్ర మేడం గుర్తొస్తారు.

మా పక్క క్వార్టరు ఆవిడది. మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. గడియారం లేని సర్క్యూట్లంటే ఆవిడకు పిచ్చి. మామూలు సర్క్యూట్లో అన్ని భాగాలూ ఒకే గడియారానికి కట్టుబడి నడుస్తాయి. వీటిలో అలా కాదు. ఒక భాగం అడగాలి, రెండోది బదులివ్వాలి, అప్పుడే పని ముందుకు సాగుతుంది. ఈ పాఠం ఆవిడ బోర్డు దగ్గరకన్నా ప్రహరీ దగ్గరే బాగా నేర్పారు. గోడ మీంచి కూరగిన్నె అందిస్తూ "పట్టుకున్నావా?" అనేవారు. "పట్టుకున్నా, వదలండి" అనేదాకా వదిలేవారు కాదు. "తొందరేం లేదురా, నువ్వెప్పుడు చెబితే అప్పుడే" అనేవారు.

గని బెల్టు కోసం అలాంటి సర్క్యూట్ ఒకటి ఇద్దరం కలిసి తయారుచేశాం. అవతలి చివరనున్న మనిషి తప్పుకుని, మీట నొక్కి బదులిస్తేనే బెల్టు తిరగాలి. ఆ అవతలి చివర పనిచేసేది మా నాన్నే. నాలుగుసార్లు నడిపి చూస్తే చాలదు. ఏ సంకేతం ఎంత ఆలస్యమైనా ప్రమాదం జరగదని లెక్కకట్టి నిరూపించాలి. ఆ పని నాది. కంప్యూటర్ "సరైనదే" అని తేల్చిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన షిఫ్టువాళ్లందరినీ వెంటబెట్టుకుని కాలేజీ హాలుకొచ్చాడు.

మేడం నా నిరూపణను తెర మీద చూపించారు. నాన్న పక్కవాళ్లను మోచేత్తో పొడుస్తున్నాడు. వచ్చినవాళ్లకు ఇంకాస్త బాగా అర్థమవుతుందని, బెల్టు తిరిగిన సందర్భం ఒకటి చూపమని మేడం కంప్యూటర్‌ను అడిగారు. ఒక్కటీ లేదు. జాగ్రత్త కోసం నేను పెట్టిన షరతులు ఒకదానికొకటి అడ్డుపడి, అసలు బదులే రాకుండా చేశాయి. తిరగని బెల్టు ఎవరినీ లాగేయదు. నేను నిరూపించింది అంతే.

"ఇది రుజువు కాదు" అన్నారు మేడం. "షరతులు రాసింది మా కిశోర్, చూడకుండా సరే అన్నది నేను. ఈ సర్క్యూట్‌ను బెల్టుకు బిగించొద్దు. బెల్టు తిరగకపోతే రెండోరోజే దీన్ని పీకేసి నడిపేస్తారు. అప్పుడు అవతలి మనిషికి కాపలా ఎవరు?"

ఆ అవతలి మనిషి మూడో వరుసలో తల దించుకుని కూర్చున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అందరిలో నా పేరెత్తినందుకు మేడం మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపం తలుచుకుంటే ఇప్పుడు ఇంకా సిగ్గేస్తుంది.

మర్నాడు ప్రహరీ అవతల నుంచి పిలిచారు. తలెత్తకుండా వెళ్లి చేతులు చాపాను.

"పట్టుకున్నావా?"

గిన్నె అంచు పట్టుకుని కిందికే చూస్తున్నాను. ఆవిడ గిన్నె వదల్లేదు, రెండోసారి అడగలేదు కూడా. అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి "పట్టుకున్నా మేడం" అన్నాను.

"సాయంత్రం రా. ఆ షరతులు మొదట్నుంచీ చూద్దాం" అని వదిలారు.

ఇప్పుడు నా పని కూడా ఇలాంటి నిరూపణలే. ఏది చేతికొచ్చినా ముందు ఒక్కసారైనా తిరిగిందా అని చూస్తాను. సైరన్ మోగినప్పుడు మాత్రం మొదట నాన్న దించుకున్న తలే కనిపిస్తుంది. ఆ గిన్నె ఆ తర్వాతే.