మార్కున్న డబ్బా

నా చిన్నప్పుడు దమ్మపేట దగ్గర మాకు మూడెకరాల మిరపతోట ఉండేది. వాగులోంచి నీళ్లు తోడే డీజిల్ ఇంజనే దానికి ప్రాణం. అది పట్టేసిందంటే కాయ మీదున్న తోట వారం తిరక్కుండా ఎండిపోతుంది. అందుకే మా నాన్న ఇంజన్ ఆయిల్ దగ్గర పిసినారితనం చూపేవాడు కాదు. డబ్బా మీద గ్రేడు నంబరు, నాణ్యత మార్కు కనిపిస్తే చాలు, దేవుడి పటంలా రెండు చేతులా పట్టుకొచ్చేవాడు.

ఎండలు ముదురుతున్న ఒకరోజు ఆయిల్ మార్చడానికి కొత్తగూడెం నుంచి మిస్త్రీ తాత వచ్చాడు. అనుమానం మనిషి. మజ్జిగ ఇచ్చినా వాసన చూసే తాగేవాడు. నాన్న తెచ్చిన డబ్బాలోంచి ఒక చుక్క, తన సంచిలోని డబ్బాలోంచి ఒక చుక్క పక్కపక్కనే కాగితం మీద వేసి కూర్చున్నాడు. రెండు డబ్బాల మీదా అదే మార్కు. తోట వాడిపోతోందని నాన్న గొణుగుతూనే ఉన్నాడు.

"మార్కు ఉంది గద సాబ్, ఇంకేంది చూసేది?"

"మార్కు తప్పని నేనన్ననా బిడ్డా? వాళ్లు పరీక్ష చేసిన నూనె మంచిదే. గీ డబ్బాల ఉన్నది గదే నూనె అని నీకెవరు చెప్పిన్రు?"

కాసేపటికి తాత చుక్క లేత మరకగా పరుచుకుంది. మా చుక్క నడుమ కాటుకంత నలుపు తేలింది. వాడేసిన నూనెను వడకట్టి, పాత డబ్బాలో పోసి మూత బిగించారన్నాడు తాత.

పాత సామాన్ల సైకిలాయనకు మా ఖాళీ డబ్బాలు ఇచ్చేది నేనే. మామూలు డబ్బాకు గుప్పెడు బఠానీలు; మూత వంకరపోకుండా, మార్కు మీద గీత పడకుండా ఉంటే దోసెడు. అందుకే బట్టతో తుడిచి మరీ దాచేదాన్ని. దోసెడు ఎందుకిస్తున్నాడని ఒక్కనాడూ అడగలేదు. బఠానీలు నములుతున్న నోటికి అనుమానం ఎక్కడిది?

ఏడుస్తూ చెప్పేశాను. నాన్న చెయ్యెత్తితే తాత ఆపాడు. ఆ నూనెను ఎడ్లబండి ఇరుసుకని వేరే కుండలోకి వంపించి, ఖాళీ డబ్బా నా ముందు పెట్టాడు. మేకు, సుత్తి చేతికిచ్చి సరిగ్గా మార్కు మీదే చిల్లి పొడిపించాడు. తర్వాత తన నూనె పోసి ఇంజన్ తిప్పాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. దేని మీదైనా మార్కు చూస్తే, అది వేశాక ఎన్ని చేతులు మారిందోనని ఆగుతాను. ఆ ఏడు మా తోట దక్కింది. అంతకుముందు నేను తుడిచి ఇచ్చిన డబ్బాలు ఎవరి ఇంజన్ దాకా పోయాయో, ఎవరి తోట ఎండిందో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు.