పరిశీలిస్తాం అంటే ఏటి?

కంచరపాలెంలో పుష్పకుమారి గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే రోడ్డు మీద టీ తాగుతున్నవాళ్ళు కూడా మాటలు ఆపి వినేవారు. మొగుడు శుభాకర్ పోర్టులో కలాసీ. తను బాలవాడిలో ఆయా. పిల్లల ముక్కులు తుడుస్తూ, పాటలు నేర్పుకుంటూ, ఎవరి జోలికీ పోని మనిషి. అలాంటి మనిషిని రాజకీయాల్లోకి ఈడ్చింది ఆ గొంతే.

డెబ్భైల చివర్లో ఎన్నికలొచ్చాయి. అర్జునరావు అనే పెద్దమనిషి నిలబడ్డాడు. ఆయన జీపులో మైకు పట్టుకున్నవాడు పేపరు చదివినట్టు చదువుతుంటే, ఆడవాళ్ళు బిందెలు తోముకుంటూ తలైనా ఎత్తలేదు. మర్నాడు జీపు పుష్పకుమారి గుమ్మం ముందు ఆగింది.

"అమ్మా, నీ గొంతు కావాలి. ఈ కరపత్రంలో ఉన్నది మనవాళ్ళకి అర్థమయ్యేలా, మన మాటల్లో చెప్పు," అన్నాడు అర్జునరావు, చేతులు జోడించి మరీ.

ఆ వీధికి కొళాయి లేదు. ఉన్న ఒక్కటీ రైలు పట్టాల అవతల. పోర్టుకి పోయే గూడ్సు అడ్డంగా ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. ఆడవాళ్ళు నిండు బిందెలతో వ్యాగన్ల కింద నుంచి దూరి వచ్చేవారు. కరపత్రంలో "కుళాయిల సమస్యను సానుభూతితో పరిశీలిస్తాం" అన్న ముక్క కనపడగానే పుష్పకుమారికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ బాలవాడిని ఓసారి ఇన్‌స్పెక్టరమ్మ పరిశీలించి వెళ్ళింది. ఆ వారమే పాలపొడి డబ్బాలు దిగాయి. పరిశీలించడమంటే అదే అనుకుంది పిచ్చిమాలోకం.

జీపెక్కి మైకు అందుకుంది. "అప్పలారా, సెల్లెల్లారా! ఇంక గూడ్సు కింద దూరక్కర్లేదు. ఈ బాబుని గెలిపించండి, మన ఈదిలో కొళాయి ఏస్తారు!"

పక్క సీట్లో అర్జునరావు మొహమంతా నవ్వు చేసుకుని దండాలు పెడుతూనే ఉన్నాడు. ఒక్కసారైనా "అలా అనకమ్మా" అన్లేదు. ఎందుకంటాడు? ఆ మాటకి ఇళ్ళలోంచి జనం బయటికి వస్తున్నారాయె.

గెలిచాడు. గెలిచాక ఆ వీధి ఏ దిక్కున ఉందో మర్చిపోయాడు.

రెండో వేసవిలో పక్కింటి ఆదిలక్ష్మమ్మ గూడ్సు కింద దూరుతుంటే బండి కదిలింది. బిందె వదిలేసి బయటపడింది గాని కుడి పాదం నలిగిపోయింది. పెద్దాసుపత్రిలో తన మంచం దగ్గరికి వచ్చిన పుష్పకుమారిని చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది.

"అప్పా..."

"నువ్వు సెప్పినావనే గదే ఓటేసినాం. ఆ బాబెవుడో మాకేటి తెల్సు? నీ మాటే మాకు తెల్సు."

పుష్పకుమారి ఏడవలేదు. ఒళ్ళంతా మండిపోయింది. అట్నుంచటే వన్ టౌన్‌లో అర్జునరావు ఆఫీసుకి వెళ్ళింది. ఆయన సంగతంతా విని, పాత కరపత్రం ఒకటి తెప్పించి బల్ల మీద పడేశాడు.

"చదువు. పరిశీలిస్తాం అన్నాం. వేస్తాం అని ఎక్కడ రాశాం? అది నీ సొంత పైత్యం."

"పక్కనే కూకున్నారు గదా బాబూ! అప్పుడే సెప్పలేదేటి?"

"ఆ గోలలో నాకు వినపడలేదమ్మా."

రెండు వీధుల అవతలికి వినపడ్డ మాట పక్కన కూర్చున్నవాడికి వినపడలేదట! కాలు పోయింది ఒకరికి, మాట పోయింది ఇంకొకరికి. ఈయనగారు మాత్రం చేతులు దులుపుకుని ఫ్యాన్ కింద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి వీధిలో పుష్పకుమారిని పలకరించినవాళ్ళు లేరు. ఆవిడా చర్చిలో నోరు విప్పడం మానేసింది.

మళ్ళీ ఎన్నికలు రానే వచ్చాయి. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో గాని, అర్జునరావు జీపు మళ్ళీ ఆ గుమ్మం ముందే ఆగింది. "ఈసారి నీ సొంత మాటలొద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు చదివెయ్," అన్నాడు.

పుష్పకుమారి జీపెక్కింది. మైకు తీసుకుంది.

"అప్పలారా, పోయినసారి కొళాయి ఏస్తారని సెప్పింది నాను. ఈ బాబు అన్లేదంట. పరిశీలిస్తాం అన్నారంట. నాకు తెలీక అలగ సెప్పినాను. పరిశీలిస్తాం అంటే ఏటో ఆరి నోటితోనే ఇనండి."

మైకు తీసుకెళ్ళి ఆయన మూతి ముందు పెట్టింది.

అర్జునరావు గొంతు సవరించుకున్నాడు. "ప్రజల సమస్యలు... మా దృష్టిలో ఉన్నాయి... తగు సమయంలో..."

"కొళాయి ఏస్తారా, ఎయ్యరా? ఒక్క మాట సెప్పండి బాబూ."

గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆయన వాళ్ళని చూశాడు, మైకుని చూశాడు. తర్వాత డ్రైవరు వైపు వంగి, పళ్ళు కొరుకుతూ అన్నాడు: "మైకు కట్టెయ్యరా. ఈ అలగా జనానికి సమాధానం చెప్పాలా నేను?"

డ్రైవరు చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళేలోపే ఆ మాట జీపు మీది మైకు హారన్లోంచి వీధంతా మోగింది.

చంకలో కర్రతో నిలబడ్డ ఆదిలక్ష్మమ్మ కేకేసింది. "ఒలే పుష్పా, ఇంక దిగిపోయే! ఇన్నాల్టికి ఆడి సొంత మాట ఇన్నాం."