నల్ల కారులో ఎడమ సీటు

నిన్న ఒంటిమిట్ట రాములవారి ప్రసాదం తెచ్చి, మా రేకుల షెడ్డులోని పాత నల్ల కారు తలుపు తీశాను. ముసురుకు తేమెక్కిన రెక్సిన్ వాసన, డీజిలు వాసన కలిసి గుప్పున వచ్చాయి. మీలో లారీ డ్రైవర్ల పిల్లలకు ఈ వాసన గుర్తుండే ఉంటుంది.

నాన్న బేతంచెర్ల నాపరాళ్లు లారీలో తోలేవాడు. పాత కార్లంటే ప్రాణం. ఎర్రగుంట్లలో ఒక పెద్దాయన చనిపోతే ఆయన కారు కొనుక్కొచ్చి, ట్రిప్పు నుంచి రాగానే కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. నన్ను వెనక సీట్లోనే కూర్చోనిచ్చేవాడు.

"ముందర ఎడమ పక్క పెద్దాయన ఉండాడమ్మా," అని నవ్వేవాడు.

"ఏమప్పా, బిడ్డను బెదిరిస్తాండావు?" అని అమ్మ కసిరేది.

రెండువేల సంవత్సరం దాటాక నాన్న పోయాడు. అమ్మ కంటి ఆపరేషన్ కోసం కారు అమ్మకానికి పెట్టాం. కడప నుంచి ఒకాయన పట్టపగలు వచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, వెంటనే దిగేశాడు.

"పక్కనుండే ఆయప్పను దిగమనమ్మా."

కారులో ఎవరూ లేరు.

"ఎట్లుండాడప్పా?" అని అమ్మ మెల్లగా అడిగింది.

"ఖాకీ చొక్కా, మెడలో ఎర్ర తువ్వాల."

నాన్న లారీ ఎక్కేది అలాగే.

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దిగమంటే దిగే మనిషి కాదప్పా. బండి ఈడనే ఉండనీ, నువ్వు పో."

ఆపరేషన్ జరగలేదు. చూపు పూర్తిగా పోయినా అమ్మ ఆ కారును తడుముకుంటూ తుడిచేది. పోయినేడు ఆమె కూడా పోయింది.

నిన్న ప్రసాదం పెట్టబోతూ సీటు తాకాను. షెడ్డంతా చల్లగా ఉన్నా, ముందు సీట్లు రెండూ వెచ్చగా ఉన్నాయి. ప్రసాదం రెండు వంతులు చేసి పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశాను.